బస్సు తప్పిపోకుండానే స్నేహితుల్ని సంపాదించుకోవడం: నెల్లూరు, ఒంగోలు డే స్కాలర్ ఫస్టియర్‌లకి పూర్తి మార్గదర్శి

పొదలకూరు నుంచో, ఆత్మకూరు నుంచో, బుచ్చి నుంచో నెల్లూరికి, లేదా చీమకుర్తి, టంగుటూరు, కొత్తపట్నం నుంచి ఒంగోలుకి రోజూ వచ్చిపోయే ఫస్టియర్ పిల్లల్ని చేరిన రెండో నెలలో కదిపి చూస్తే దాదాపు అందరిదీ ఒకటే గోడు. క్లాసులో అందరూ పలకరిస్తారు, పెన్ను అడుగుతారు, అటెండెన్స్ ఎంతుందని అడుగుతారు. సాయంత్రానికి మాత్రం మనవాళ్లు అనుకునేవాళ్లు ఒక్కరూ ఉండరు. హాస్టల్ వాళ్లు అప్పటికే ఒకర్నొకరు 'బా' అని పిలుచుకుంటుంటారు, మనకింకా సగం మంది పేర్లే రావు. నాకు మొహమాటం ఎక్కువనో, పల్లెటూరోణ్ణనో, ఇంగ్లీషు రాదనో తమను తాము తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. చాలావరకు అవేమీ కాదు. కారణం సాయంత్రం ఇంటికి పోయే నాలుగున్నర బస్సు.

అమెరికాలోని కేన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో ఒక పరిశోధన బయటపెట్టాడు. మొహం మాత్రమే తెలిసిన మనిషి మామూలు ఫ్రెండ్ కావడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలని, ఫ్రెండ్ అని గట్టిగా చెప్పుకోవడానికి 90 గంటలు, బాగా దగ్గరివాడు కావడానికి 200 గంటల పైమాటేనని అందులో తేలింది. పక్కపక్కన కూర్చుని పని చేసిన గంటలు ఇందుకు పెద్దగా అక్కరకు రావట, కబుర్లు, తిండి, ఆట, ఊరికే తిరగడం లాంటివే పనిచేస్తాయట. కాబట్టి లెక్చరర్ బోర్డు మీద రాస్తుంటే ఒకే బెంచీలో కూర్చున్న ఆరు గంటలని నువ్వు లెక్కేసుకోవద్దు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. హాస్టల్ వాళ్లకి సాయంత్రం అయిదు నుంచి పది దాకా కలిసే ఉండటం, రోజుకి అయిదు గంటలు, అంటే పది రోజుల్లో 50 గంటలు పూర్తి. నీకున్నది లంచ్ ముప్పావు గంట, వారానికి ఆరు రోజులంటే నాలుగున్నర గంటలు. ఆ 50 గంటలకి పదకొండు వారాలు పడుతుంది, సెమిస్టర్ దాదాపు అయిపోతుంది. వాళ్లు నీకన్నా కలుపుగోలు మనుషులేం కారు, వాళ్లకి టైము ఉంది, అంతే. అదే నీ బస్సులో ఒక్క మనిషి దొరికి, పోను గంట, రాను గంట పక్కన కూర్చున్నారనుకో, వారానికి పన్నెండు గంటలు. నాలుగు వారాలు తిరిగేసరికి నువ్వూ హాస్టల్ వాళ్ల దరిదాపుల్లోకి వస్తావు. కింద చెప్పబోయేదంతా ఈ గంటల్ని ఎక్కడెక్కడ వెతుక్కోవాలి అన్నదాని గురించే. మాటకారితనం నేర్పే చిట్కాలు నా దగ్గర లేవు, వాటి అవసరం కూడా అంతగా లేదు.

1. ముందు బస్సులన్నీ కాగితం మీద పెట్టు

ఫస్టియర్ పిల్లలకి సాధారణంగా రెండే బస్సులు తెలుసు, పొద్దున ఎక్కేది, సాయంత్రం ఎక్కేది. సాయంత్రం బస్సు పోతే ప్రపంచం మునిగిపోయినట్టు ఉంటుంది వాళ్ల వ్యవహారం. అందుకే ఎవరు ఆపి మాట్లాడబోయినా కళ్లు గడియారం మీదే. ఒక కాగితం తీసుకుని కాలేజీ వదిలాక మీ ఊరికి ఉన్న బస్సులన్నీ రాయి. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, రాత్రికి మీ ఊళ్లోనే ఉండిపోయే నైట్ హాల్ట్ బస్సు, అదీ పోతే మెయిన్ రోడ్డు దాకా దింపే ఆటోలు, రైలు దారిలో ఉన్నవాళ్లయితే కావలి, బిట్రగుంట, గూడూరు వైపు పోయే మెమూ. ఫోన్‌లో కనపడే టైములని గుడ్డిగా నమ్మొద్దు. బస్టాండు ఎంక్వైరీలో అడుగు, ఆ తర్వాత మీ రూటు కండక్టర్‌ని కూడా అడుగు, ఏ బస్సు పేరుకి మాత్రమే ఉందో, ఏది ఆదివారం రాదో ఆయనకే తెలుస్తుంది.

స్టూడెంట్ పాస్ దాని మీద రాసిన రూటులోనే చెల్లుతుంది కాబట్టి తీసుకునేటప్పుడే ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది ఆలోచించి రాయించుకో. అమ్మాయిలకి ఈ తలనొప్పి తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, కాబట్టి ఒక బస్సు పోతే వచ్చే ఇంకో బస్సు ఎక్కొచ్చు, ఫ్రెండ్ ఊరి మీదుగా కూడా తిరిగి రావొచ్చు.

అదే కాగితం మీద టైమ్‌టేబుల్ కూడా రాసి, లీజర్ పీరియడ్లు ఎప్పుడు, ల్యాబ్ ఏ రోజు, ఏ రోజు తొందరగా వదిలేస్తారు అన్నది గుర్తు పెట్టుకో. రాశాక చూస్తే మూడు ఖాళీలు కనపడతాయి: ఫస్ట్ అవర్‌కి ముందు, లంచ్, వదిలాక బస్సు వచ్చేలోపు.

ఇందులో మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో మూడింట్లో బంగారం అదే. హాస్టల్ వాళ్లు బెల్లు కొట్టే నిమిషానికి, తడి తలతో, సగం టిఫిన్ నోట్లో పెట్టుకుని వస్తారు. పొద్దున్నే అరగంట ముందు క్లాసులో కూర్చునేది ఎవరు? తర్వాతి బస్సైతే ఆలస్యమవుతుందని ముందు బస్సు ఎక్కిన నీలాంటివాళ్లే. ఫ్యాన్ కింద బెంచీల్లో నలుగురైదుగురు, ఒక్కొక్కరు ఒక్కో మూల, అందరూ ఫోన్లలో. ఆ నలుగురికీ నీకున్న ఇబ్బందే ఉంది. అందులో ఒకరి పక్క బెంచీలోకి మారి "మీదే ఊరు? ఎన్నింటి బస్సు?" అని అడగడానికి ధైర్యం ఏమీ అక్కర్లేదు. పైగా పొద్దున ముందు రావడానికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు, అదే సాయంత్రం లేటుగా వస్తానంటే చూడు.

2. బస్సులో: చెవుల్లోంచి తీసెయ్యి

ఇయర్‌ఫోన్లు. కనీసం మొదటి నెల, పోయేటప్పుడైనా. చెవుల్లో అవి ఉన్న మనిషిని పలకరించాలంటే ఎవరికైనా ఇబ్బందే, నువ్వు కూడా పలకరించవు.

కాలేజీ బస్సైతే పని సులువు, అందరిదీ ఒకటే కాలేజీ, స్టాపు కూడా రోజూ అదే. ఒకే సీటులో కూర్చోవడం మొదలుపెట్టు, ముందు వరసా కాదు, చివరి వరసా కాదు, మధ్యలో. చివరి వరస ఎలాగూ సీనియర్లది. ఆర్టీసీ బస్సైతే మెడలో ట్యాగులు చూడు. మీ కాలేజీ రంగు ట్యాగు కనపడితే అదే నీకు దారి. వేరే కాలేజీ అయినా పర్లేదు, స్నేహితుడు నీ క్లాసులోనే ఉండాలన్న రూలు ఎక్కడా లేదు. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీకి పోయేవాళ్లూ, నెల్లూరులో డిగ్రీ చదివేవాళ్లూ, ఇంజినీరింగ్ వాళ్లూ అందరూ హైవే మీద అవే బస్సుల్లో కిక్కిరిసి నిలబడతారు. ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీకి పోయేవాళ్ల సంగతీ అంతే.

మాట ఎలా మొదలవుతుందంటే, మామూలుగా ఇలా:

"ఫస్టియరేనా?"

"ఆఁ. మీరు?"

"నేనూ అంతే. ఈసీఈ. ఈ బస్సు రోజూ ఇంత లేటా?"

"సోమవారం ఇంతే. నిన్నయితే కరెక్ట్ టైముకే వచ్చింది. మీరు యాడ ఎక్కారు?"

"గేటు కాడ. రేపు సీటు దొరికితే పట్టిపెడతారా? నేనెక్కేసరికి నిలబడటానికి కూడా చోటుండదు."

"సరే, బ్యాగు పెడతాలే."

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ చివరి రెండు వాక్యాలు చూడు. రేపు మళ్లీ కలవడానికి ఒక సాకు దొరికింది. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మన బస్సుల్లో ఎప్పట్నుంచో ఉన్న మర్యాదే, దాన్ని వాడుకో. నువ్వు ముందు స్టాపులో ఎక్కేవాడివైతే నువ్వే ఆపు. మూడో రోజుకి 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది, వారానికి 'రా' వస్తుంది, అమ్మాయిల్లో అయితే 'ఏమే' ఇంకా తొందరగా వస్తుంది.

ఒక్క జాగ్రత్త. అబ్బాయి అమ్మాయి పక్కపక్కన కూర్చుని రోజూ మాట్లాడుకుంటుంటే ఆ బస్సులో మీ ఊరివాళ్లు కనీసం ముగ్గురుంటారు, నువ్వు ఇల్లు చేరకముందే కబురు చేరుతుంది. ఇది తప్పు అని నేననను. అయితే ఆ అమ్మాయికి ఇంట్లో ఏం జరుగుతుందో నీకు తెలియదు, కాబట్టి బస్సులో మాట్లాడాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికి వదిలేయ్. క్లాసులో, క్యాంటీన్ దగ్గర ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

3. రోల్ నంబర్లో నీ ముందూ వెనకా ఉన్నవాళ్లు

క్లాసులో అరవై మందితో స్నేహం చేయబోకు. నీ రోల్ నంబరుకి ముందున్న ఇద్దరు, వెనకున్న ఇద్దరు, ఈ నలుగుర్ని పట్టుకో. ల్యాబ్ బ్యాచ్‌లు వేసేది చాలాచోట్ల రోల్ నంబర్ల వరసలోనే. పరీక్ష హాల్లో, వైవా క్యూలో, ప్రాక్టికల్స్‌లో కోర్సు అయిపోయేదాకా వీళ్లే నీ చుట్టూ ఉంటారు. వైవా బయట వరండాలో గంటసేపు గోడకి ఆనుకుని "ఏం అడుగుతున్నార్రా లోపల" అని టెన్షన్ పడ్డవాళ్లు తర్వాత ఎప్పటికీ మొహం చాటేసుకోరు. ల్యాబ్‌లో ఒక్క రీడింగు కోసం ముగ్గురు తిప్పలు పడే మూడు గంటల్లో సగం కబుర్లే, అవి ఊరికే పోవు.

రికార్డు విషయానికి వద్దాం. డే స్కాలర్ మీద క్లాసులో ఒక చెడ్డపేరు ఉంటుంది, వీడు నోట్స్ కోసమే మాట్లాడతాడు అని. నిజం లేకపోలేదు. బస్సు లేటయి ఫస్ట్ అవర్ పోతుంది, నోట్స్ అడగాల్సి వస్తుంది. అడుగు, తప్పులేదు, నిజానికి చిన్న సాయం అడిగితే అవతలి మనిషి దగ్గరవుతాడు. అయితే రికార్డు తీసుకుంటే మర్నాడు పొద్దున వాళ్లు అడక్కముందే చేతిలో పెట్టు. సంతకాల రోజు ఇంట్లో మర్చిపోయానని అన్నావంటే, హాస్టల్ వాడైతే రూముకి పరిగెత్తి తెస్తాడు, నీ ఇల్లు ముప్పై కిలోమీటర్ల అవతల. ఒక్కసారి అలా జరిగితే రెండో రికార్డు ఎవరూ ఇవ్వరు. బదులుగా నువ్వేం ఇవ్వగలవో చూసుకో. బస్టాండు పక్కన జిరాక్స్ షాపుల మీదుగానే వస్తావు కదా, నలుగురి మెటీరియల్ జిరాక్స్ తీయించి తేవడం, టౌన్లో మాత్రమే దొరికే ఏదో ఒకటి కొనుక్కురావడం, ఇవి హాస్టల్లో ఇరుక్కున్నవాళ్లకి పెద్ద సాయాలు. డబ్బులు మాత్రం అప్పటికప్పుడు ఫోన్‌పే చేయించుకో, తర్వాత ఇస్తాలే అంటే ఆ పది, ఇరవై రూపాయల్ని నువ్వు అడగలేవు, మనసులోంచి తీసేయలేవు.

4. క్యారేజీ

లంచ్‌కి ఒంటరిగా బెంచీలో కూర్చుని గబగబా తిని ఫోన్ తీసే అలవాటు రెండో వారంలోనే పడిపోతుంది, పడితే పోదు. మొదటి రోజు నుంచే ఎక్కడో ఒకచోట స్థిరంగా కూర్చో. చెట్టు కింద అయినా సరే, వరండా మెట్లయినా సరే, రోజూ అదే చోటు. నిన్ను వెతుక్కుంటూ రావాలంటే నువ్వెక్కడుంటావో తెలియాలి కదా.

హాస్టల్ వాళ్ల మీద నీకున్న ఒకే ఒక్క పైచేయి ఇంటి తిండి. హాస్టల్లో నీళ్ల సాంబారు తిని తిని విసిగిపోయిన మనిషి ముందు మూత తీస్తే రాత్రి మిగిలిన చేపల పులుసు వాసన కొట్టిందనుకో, ఇక నువ్వు పిలవక్కర్లేదు. నెల్లూరు చేపల పులుసు మర్నాడే బావుంటుంది, మామిడికాయ ముక్క పులుపంతా ముక్కలకి పట్టి ఉంటుంది, అది మనకి తెలిసిందే, కర్నూలు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాడికి అది కొత్త సంగతి. చేపలు మోసుకెళ్లడం ఇబ్బందైతే ఒక చిన్న డబ్బాలో ఆవకాయ, కందిపొడి చాలు. మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బా తీసుకో, ప్లాస్టిక్ డబ్బాలో నూనె కారి నోట్సంతా ఎర్రబడ్డ బ్యాగులు ప్రతి క్లాసులో రెండన్నా ఉంటాయి.

అలాగని రోజూ నలుగురికి వండి పంపమని అమ్మని వేధించకు. రోజూ పెట్టేవాణ్ణి జనం మెస్సు అనుకుంటారు, స్నేహితుడనుకోరు. నీ డబ్బాలోది వాళ్లు, వాళ్ల ప్లేటులోది నువ్వు, అంతే, వారానికి ఒకసారి కాస్త ఎక్కువ కట్టించుకుంటే సరి.

తిండి దగ్గరే ఇంకో సంగతి బయటపడుతుంది. కొందరు ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత మాట తీరు మారుతుంది, మంచికో చెడుకో. మన జిల్లాల్లో ఇది లేదని బుకాయించడం ఎందుకు? కాలేజీల్లో గుంపులు చాలావరకు అలాగే కడతారు, మొదటి నెలలో ఒంటరిగా ఉన్నవాడికి ఆ గుంపులో చోటు తేలిగ్గా దొరుకుతుంది కూడా. నా మాట వింటే ఇంటిపేరు చూసి దగ్గరికి తీసినవాళ్లతో పలకరింపుల వరకే ఉండు. అందులో ఒకసారి దూరాక ఎవరితో తినాలో, ఎవరి పోస్టుకి లైకు కొట్టాలో కూడా వాళ్లే చెబుతారు.

5. ఫోన్, రాత్రి తొమ్మిది తర్వాత

క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉండటాన్ని స్నేహం అనుకోకు. అందులో అందరూ సీఆర్ (క్లాసు రిప్రజెంటేటివ్) పెట్టిన నోటీసులకి బొటనవేలు చూపిస్తారు, అంతకుమించి ఏమీ జరగదు. గ్రూపులో పది మెసేజ్‌లు పెట్టే బదులు ఒక మనిషికి ఒకటి పెట్టు, అదీ జవాబు ఇవ్వడానికి వీలుగా ఉండేది. "హాయ్" అని పెట్టి ఊరుకుంటే అవతలివాళ్లు ఏమనాలి? "రేపు ల్యాబ్‌కి అబ్జర్వేషన్ బుక్కు పూర్తి చేయాలా, రీడింగులు చాలా?" అని అడిగితే జవాబు వస్తుంది, ఆ వెనకే "ఇంటికి చేరావా" అని కూడా వస్తుంది. మీ ఊళ్లో సిగ్నల్ సరిగ్గా రాకపోతే ఆ సంగతి ముందే చెప్పు, లేకపోతే పొగరనుకుంటారు.

పొద్దున క్లాసుకొచ్చేసరికి హాస్టల్ వాళ్లు రాత్రి జరిగినదేదో తలుచుకుని పడీ పడీ నవ్వుతుంటారు, నీకు తలా తోకా తెలియదు. డే స్కాలర్‌కి ఎక్కువగా గుచ్చుకునేది ఇదే. అక్కడ మొహం మాడ్చుకుని ముందు బెంచీకి పోకుండా "ఏందిరా జరిగింది, నాకూ చెప్పండి" అని అడిగేయ్. చెప్పడానికి వాళ్లకి ఒక కొత్త మనిషి కావాలి, అందరూ చూసిన సంగతిని మళ్లీ చెప్పుకోవడానికి వినేవాడు దొరికితే సంతోషమే.

మాట్లాడి వచ్చాక బస్సులో కూర్చుని "అనవసరంగా వాగానేమో, విసుక్కున్నారేమో" అని నెమరేసుకునే జబ్బు చాలామందికి ఉంటుంది. 2018లోనే వచ్చిన ఇంకో పరిశోధనలో తేలిందేమిటంటే, కొత్తవాళ్లతో మాట్లాడాక అవతలివాళ్లకి మనం ఎంత నచ్చామో దానికన్నా తక్కువే నచ్చామని మనం అనుకుంటామట, ఇద్దరూ ఒకరి గురించి ఒకరు అలాగే అనుకుంటారట. కాబట్టి ఆ దిగులు నీ ఒక్కడిదే కాదు, అవతలివాడు కూడా హాస్టల్ మంచం మీద పడుకుని అదే ఆలోచిస్తుంటాడు.

6. వారానికి ఒక్క సాయంత్రం

రోజూ ఆగలేవు, వారానికి ఒక్క రోజు ఆగగలవు. అది ఏ రోజో ఖాయం చేసుకో, ప్రతి వారం అదే రోజు, అప్పుడే ఇంట్లోవాళ్లకీ అలవాటవుతుంది, ఫ్రెండ్స్‌కీ తెలుస్తుంది. ఇంట్లో అడిగే పద్ధతి ఒకటుంది. అప్పటికప్పుడు ఫోన్ చేసి "లేటవుద్ది" అంటే నాన్న గొంతు లేస్తుంది. ఆదివారం కూర్చోబెట్టి చెప్పు.

"అమ్మా, ప్రతి బుధవారం కాలేజీలో ఎన్ఎస్ఎస్ అని సేవా కార్యక్రమం ఉంటది, ఏడింటి బస్సుకి వస్తా."

"ఏడింటికా? చీకటి పడిపోద్ది గదే."

"మన ఊరి బస్సేగా. పక్కూరి పిల్ల కూడా అదే ఎక్కుద్ది. ఇదిగో నంబరు, నువ్వే మాట్లాడు."

ఆ ఫోన్ మాట్లాడించడం చాలా ముఖ్యం, ముఖ్యంగా అమ్మాయిలకి. ఇంట్లోవాళ్ల భయమంతా పేరు తెలియని 'ఫ్రెండ్స్' గురించే. ఒక పేరు, ఒక ఊరు, ఒక గొంతు తెలిస్తే సగం భయం పోతుంది. చెప్పిన బస్సుకే రా. నెల రోజులు మాట తప్పకుండా వస్తే రెండో నెలలో వాళ్లే అడగడం మానేస్తారు.

ఆ సాయంత్రం ఏం చేయాలి? క్యాంటీన్ దగ్గర నిలబడటం కన్నా ఏదో ఒక పని ఉన్నచోట చేరడం మేలు, చేతిలో పనుంటే మాటలు వాటంతటవే వస్తాయి. వాలీబాల్, కబడ్డీ, ఎన్‌సీసీ, ఏదైనా సరే. నేనైతే డే స్కాలర్లకి ఎన్ఎస్ఎస్ అంటాను. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, సర్టిఫికెట్ కూడా వస్తుంది. ఇంకా అసలైనది ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. ఏదో ఒక పల్లెకి పోయి ఆ ఊరి స్కూల్లోనో కమ్యూనిటీ హాల్లోనో చాపలేసుకుని పడుకుని, పొద్దున కాలవ పూడికలు తీసి, మొక్కలు నాటి, రాత్రి పాటలు పాడుకునే ఆ వారంలో డే స్కాలర్, హాస్టలర్ తేడా ఉండదు. ముందు వేసిన గంటల లెక్కలో చెప్పాలంటే నీకు సెమిస్టర్ మొత్తం పట్టేది ఆ ఏడు రోజుల్లోనే అయిపోతుంది. కాలేజీ కార్యక్రమం కాబట్టి ఇంట్లో ఒప్పించడం కూడా తేలిక, ప్రోగ్రామ్ ఆఫీసర్ సంతకం పెట్టిన కాగితం చూపిస్తే చాలు.

క్యాంపు లేని వారాల్లో, పనయ్యాక కాసేపు ట్రంకు రోడ్డు మీద కారం దోసె తిని బస్టాండుకి నడుచుకుంటూ పోవడం కూడా ఈ లెక్కలోదే. ఒంగోలులో అయితే మైసూర్‌పాకు.

7. కొన్ని చిన్న హెచ్చరికలు

ట్రీట్లు: ఫోన్ కొన్నా ట్రీటే, పుట్టినరోజుకీ ట్రీటే, ఇంటర్నల్స్‌లో మార్కులొచ్చినా ట్రీటే. నీ దగ్గర లేకపోతే "నాకు కుదరదు, టీ తాగిస్తా" అని మొదటిసారే చెప్పు. అది విని వదిలేసేవాళ్లని పోనీ.

బైకు: బస్టాండు దాకా దింపుతానంటే ఎక్కు, హెల్మెట్ ఉంటే. ముగ్గురు ఎక్కి హైవే మీద ఊరి దాకా పోదామంటే మాత్రం బస్సే నయం. మైపాడుకో కొత్తపట్నానికో పోదామన్నప్పుడు ఒడ్డునే ఉండు, ఆ సముద్రం లోపలికి లాగేస్తుంది.

సీనియర్లు: అన్నా అని పలకరిస్తే నోట్స్, పాత పేపర్లు, ఏ సార్ ఎలా దిద్దుతాడో అన్నీ చెప్పేవాళ్లే ఎక్కువ. హద్దు దాటి ఏడిపిస్తే, అది కాలేజీ బస్సులో అయినా ర్యాగింగే. దేశమంతటికీ ఉన్న యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు.

8. దసరా దాటినా ఎవరూ లేకపోతే

కంగారేం లేదు. మొదటి నెలలో కట్టిన గుంపులు మొదటి ఇంటర్నల్స్‌తోనే చెదరడం మొదలవుతుంది. ఎవడు చదువుతాడు, ఎవడు బంక్ కొడతాడు, ఎవడు అప్పు ఎగ్గొడతాడు అన్నది అప్పటికి తేలిపోతుంది, చాలామంది మళ్లీ ఖాళీగా ఉంటారు. పరీక్షల ముందు ప్రిపరేషన్ సెలవుల్లో కాలేజీ లైబ్రరీకి రా, ఇంట్లో కూర్చోకు. కరెంటు పోయి, పక్కింటి టీవీ మోగి, పశువులకి మేత వేయమని పిలిచి, ఇంట్లో ఎలాగూ చదువు సాగదు. లైబ్రరీలో ఎదురుగా కూర్చున్నవాణ్ణి "థర్డ్ యూనిట్ అయిందా" అని అడగడం చాలు.

ఇద్దరు దొరికితే చాలు. అరవై మంది కాంటాక్టులు ఉండి సప్లీ ఫీజు కట్టే రోజు తోడు వచ్చేవాడు లేనివాళ్లు హాస్టల్లోనూ బోలెడుమంది ఉన్నారు.

ఒంటరితనం దాటి తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, కాలేజీకి పోవాలంటేనే ఏడుపు రావడం దాకా వస్తే దాన్ని ఫ్రెండ్స్ లేకపోవడం కింద కొట్టిపారేయకు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి చెయ్యి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

9. ఇంటికి పిలువు

కాస్త మాట కలిశాక, హాస్టల్లో ఉండే ఒకరిద్దర్ని మీ ఊరికి పిలువు. ఇల్లు చిన్నదనో, రేకుల షెడ్డనో, బర్రెలు కట్టేసి ఉంటాయనో వెనకాడకు. వాళ్లు వచ్చేది ఇల్లు చూడటానికి కాదు, ఒక పూట అమ్మ అనిపించే మనిషి వడ్డిస్తే కడుపునిండా తినడానికి. మీ ఊరి తిరునాళ్లకో, సంక్రాంతికి ఊరికి పోలేనివాళ్లుంటే పండక్కో పిలువు. నెల్లూరువాళ్లకి ఇంకో మంచి సందర్భం రొట్టెల పండగ. మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తుంటే కోరిక ఉన్నవాళ్లు తీసుకోవడం వేరే జిల్లాలవాళ్లు చూసి ఉండరు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని జనం అరుస్తుంటే ఏది తీసుకోవాలో తెలియక వాళ్లు నీ వైపు చూస్తారు, ఆ రోజంతా నువ్వే గైడు.

పిలిచేటప్పుడు నోటిమాటగా "మా ఊరికి రండ్రా ఎప్పుడన్నా" అంటే ఎవరూ రారు. రోజు చెప్పు, బస్సు చెప్పు. "వచ్చే ఆదివారం, తొమ్మిదింటి బస్సు, నేను స్టాపు దగ్గర ఉంటా" అని. ఇంట్లో రెండు రోజుల ముందే చెప్పు, ఎవరు మాంసం తింటారు, ఎవరు తినరు అన్నది కూడా కనుక్కుని చెప్పు. హాస్టల్లో అవుట్‌పాస్ శనివారమే రాయించుకోమను, ఆదివారం పొద్దున వార్డెన్ దొరక్క ఆగిపోయినవాళ్లు చాలామంది. మధ్యాహ్నం భోజనమయ్యాక పొలం దాకా తీసుకుపోయి, నాలుగున్నర బస్సు ఎక్కించు, అయిదున్నరది ఉందని చెప్పినా వినకు, ఆదివారం అది వస్తుందో రాదో కండక్టర్‌ని ముందే అడిగి ఉంటే తప్ప. గేటు మూసేలోపు వాళ్లు హాస్టల్ చేరాలి, లేకపోతే రెండోసారి అవుట్‌పాస్ ఇవ్వరు.